అద్దె లేదు కాబట్టి చౌక అట!

డీమార్ట్ మాట ఎక్కడ వచ్చినా దాని వెనకాలే ఒక వివరణ కూడా వస్తుంది. "వాళ్లకేమండీ, స్థలం సొంతం. అద్దె కట్టే పని లేదు. అందుకే అంత తక్కువకి ఇస్తున్నారు." యూట్యూబులో వ్యాపార రహస్యాలు విప్పే కుర్రాళ్లు ఇదే చెబుతారు. ఎంబీఏ పూర్తి చేసిన మేనల్లుళ్లు ఇదే చెబుతారు. ప్లాట్లమ్మే బ్రోకర్లయితే మరింత ఉత్సాహంగా చెబుతారు, ఈ కథలో కథానాయిక భూమే మరి. ఎవరూ ఎదురు చెప్పరు. 2002లో ముంబయి పొవాయిలో ఒక్క దుకాణంతో మొదలై 2025 మార్చి నాటికి 415 దుకాణాలకు ఎదిగిన వ్యాపారాన్ని ఒక్క ముక్కలో తేల్చేశామన్న తృప్తి అందరికీ దక్కుతుంది.

ఆ మాటలో వాస్తవం లేకపోలేదు. డీమార్ట్‌ను నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ తన దుకాణాల్లో ఎక్కువ భాగాన్ని సొంత స్థలాల్లోనో, దశాబ్దాల పాటు సాగే లీజుల్లోనో పెట్టుకుంది. దాన్ని నేను కాదనడం లేదు. నా పేచీ అంతా ఆ "అందుకే" తోనే. స్థలం సొంతమైనందువల్ల కందిపప్పు చౌక కాలేదు. చౌకకు కారణం వేరే ఉంది. స్థలం చేసే మేలూ వేరే ఉంది. ఈ రెంటినీ కలిపేసి మనం ఆ కంపెనీనే కాదు, మన బజారునీ తప్పుగా చదువుతున్నాం.

ముందు మన వీధి చివరికే వెళ్దాం. తెనాలి కానివ్వండి, సిద్దిపేట కానివ్వండి, కిరాణా కొట్టంటే చాలాచోట్ల ఇంటి ముందు గదే. అద్దె లేదు. జీతాలూ లేవు. పొద్దున ఆయన కూర్చుంటాడు, మధ్యాహ్నం ఆవిడ, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు. ఏసీ లేదు, పార్కింగు లేదు. చౌకకు మూలం సొంత స్థలమే అయితే దేశంలోకెల్లా చౌక దుకాణం అదే కావాలి. కానీ అక్కడ సబ్బు ఎమ్మార్పీకే. పైగా చిన్న కొట్లవాళ్లు కొందరు తామే డీమార్ట్‌కు వెళ్లి, ఆఫర్లో ఉన్న సరుకు ఆటోలో వేసుకొచ్చి అమ్ముకుంటారు. డిస్ట్రిబ్యూటర్ తమకు వేసే రేటు కన్నా అక్కడి బిల్లే తక్కువ పడుతుందని చెబుతారు. అద్దె కట్టని మనిషి సాటి దుకాణానికి గిరాకీగా వెళ్లాల్సి వస్తున్నదంటే, అద్దె కథలో ఎక్కడో లెక్క తప్పినట్టే.

పెద్ద ఎత్తున చూసినా అంతే. ఢిల్లీలో సహకార రంగంలో సూపర్ బజార్ అని ఉండేది. 1966లో పెట్టారు. కన్నాట్ ప్లేస్ నడిబొడ్డున చోటు, ప్రభుత్వ అండ. 2002లో దివాలా తీసి మూతపడింది. అంటే పొవాయిలో డీమార్ట్ తలుపులు తెరిచిన ఏడాదే. చోటు లేక చచ్చిన దుకాణం కాదది.

ఇక అంకెలకు వద్దాం. 2023–24లో డీమార్ట్ చదరపు అడుగుకు ఏడాదికి దాదాపు 33 వేల రూపాయల సరుకు అమ్మింది. నెలకు 2,750 అనుకోండి. ఆ స్థలమంతా అద్దెదే అనీ, నగర శివార్లలో పెద్ద హాలుకి అడుగుకు నెలకు 60 రూపాయలు కట్టాల్సి వచ్చిందనీ అనుకుందాం. వంద రూపాయల అమ్మకం మీద అద్దె భారం రెండు రూపాయల చిల్లర. ఇంతే. ఇప్పుడు అదే వీధిలో అడుగుకు నెలకు వెయ్యి రూపాయలు మాత్రమే అమ్మే ఓ మామూలు సూపర్‌మార్కెట్‌ను పక్కన పెట్టండి. అదే 60 రూపాయల అద్దె దానికి వందకి ఆరు రూపాయలవుతుంది. అద్దె ఒకటే, భారం దాదాపు మూడింతలు. ఆ తేడా భూమి ఎవరిదన్న దానివల్ల రాలేదు, ఆ భూమి మీద ఎంత సరుకు కదులుతోందన్న దానివల్ల వచ్చింది.

డీమార్ట్ వంద రూపాయలు అమ్మితే సుమారు 85 రూపాయలు సరుకు ఖరీదుకే పోతాయి. దుకాణం నడిపే ఖర్చులకు మరో ఏడు. మిగిలే ఎనిమిదిలో తరుగుదల, పన్నులు పోగా 2023–24లో చేతిలో నిలిచింది ఐదు. ఈ ఎనిమిదిలోంచి పైన చెప్పిన రెండు రూపాయల అద్దె తీసేసినా దుకాణం లాభంలోనే ఉంటుంది, ధరల పట్టీ మీద ఒక్క అంకె మార్చక్కర్లేదు. అద్దె లేకపోవడమే ప్రాణమైతే అద్దె పెట్టగానే ప్రాణం పోవాలి కదా!

"రెండు రూపాయలైనా మిగిలాయి కదా" అంటారేమో. మిగల్లేదు. మనవాళ్లు ఎప్పుడూ మరిచిపోయేది ఇక్కడే. సొంత స్థలం ఉచితం కాదు. అద్దె కట్టేవాడి భారం లాభనష్టాల పట్టికలో కనిపిస్తుంది. సొంతదారు భారం ఆస్తుల పట్టికలో దాక్కుంటుంది. యాభై కోట్లు పెట్టి స్థలం కొని హాలు కట్టాడనుకుందాం. ఆస్తి విలువలో ఏటా ఏడు శాతం అద్దె లెక్కన అతనికి మిగిలేది మూడున్నర కోట్లు. అదే యాభై కోట్లు వ్యాపారంలో పెడితే ఏటా 13 శాతం వస్తుందంటే, వదులుకున్నది ఆరున్నర కోట్లు. 13 అని ఊరికే అనలేదు. 2023–24లో అవెన్యూ సూపర్‌మార్ట్స్‌లో వాటాదారుల సొమ్ము సుమారు 18,700 కోట్లు, లాభం 2,536 కోట్లు. అంటే నూటికి పదమూడున్నర. కొన్న తొలి ఏళ్లలో సొంత స్థలం అద్దె స్థలం కన్నా ఖరీదైన వ్యవహారం. అద్దె మిగిలింది అని సంబరపడే ఆడిటర్ ఎవరైనా ఉంటే అతనికి సరుకుల లెక్కలు అప్పగించకండి.

ఇదే కథకి ఇంకో తోక ఉంది. "అసలది కిరాణా కంపెనీ కాదండీ, రియల్ ఎస్టేట్ కంపెనీ" అంటారు, మెక్‌డొనాల్డ్స్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. మెక్‌డొనాల్డ్స్ తన ఫ్రాంచైజీల దగ్గర అద్దె వసూలు చేస్తుంది, అదే దాని రాబడిలో పెద్ద వాటా. డీమార్ట్ అద్దెలతో బతకడం లేదు, స్థలాలు అమ్ముకుని లాభం చూపడమూ లేదు. దుకాణం కింద నేల ధర పదింతలైతే పంచదార కిలో మీద పైసా తగ్గదు. నిజానికి ఆ ఖరీదైన నేల మీద పంచదార అమ్ముతూ కూర్చోవడం ఇంకా ఖరీదవుతుంది.

మరి చౌక ఎక్కడిది? సరుకు ఇచ్చినవాడికి డబ్బు ఎప్పుడు చేరుతుందన్న దగ్గర వెతకాలి. డీమార్ట్ లెక్కల్లో కొనుగోళ్ల బాకీ సగటున దాదాపు వారం రోజులే. మన దేశంలో ఈ ఒక్క సంగతి ఎంత విడ్డూరమో వ్యాపారం చేసినవాళ్లకే తెలుస్తుంది. చిన్న పరిశ్రమల సరుకుకు 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006లోనే చట్టం చేశారు. అది ఎంత బాగా అమలయిందంటే, గడువు దాటిన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపనివ్వబోమని 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టానికి కొత్తగా మెలిక పెట్టాల్సి వచ్చింది.

తాండూరులో కందిపప్పు మిల్లు నడిపే ఒక వ్యాపారిని ఊహించుకోండి. అతను పెద్ద గొలుసు దుకాణానికి సరుకు పంపితే డబ్బుకు రెండు నెలలు తిరగాలి. అకౌంట్స్‌లో సార్ లీవులో ఉన్నారంటారు, బిల్లులో తేడా వచ్చిందంటారు, వచ్చే నెల పదో తారీఖు అంటారు. ఈలోపు కందులు కొనడానికి అతను తెచ్చిన అప్పు నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున నడుస్తూనే ఉంటుంది. రెండు నెలలకు వంద మీద మూడు రూపాయలు. ఈ మూడు రూపాయలు అతను జేబులోంచి పెట్టుకోడు, ముందే రేటులో కలుపుతాడు. వారంలో డబ్బిచ్చేవాడి దగ్గర ఆ వడ్డీ ముప్ఫై ఐదు పైసలు. మిగిలిన రెండు రూపాయల అరవై ఐదు పైసల్లో సగానికి పైగా రేటులో తగ్గించినా అతనికి లాభమే, వసూళ్ల కోసం తిరిగే గుమాస్తా జీతం కూడా కలిసొస్తుంది. బజారులో పప్పుకు కొరత వచ్చిన నెలలో ఉన్న నాలుగు లారీలు ముందు ఎవరికి పంపుతాడో చెప్పాలా? అద్దె లెక్కలో మనం కనిపెట్టామనుకున్న "రెండు రూపాయల" రహస్యానికి సాటివచ్చే లాభం ఇక్కడుంది. పైగా ఇది ఆస్తుల పట్టికలో దాక్కున్న ఖర్చు లేని లాభం. దాదాపు లేనిదనాలి. అంత త్వరగా డబ్బివ్వాలంటే చేతిలో డబ్బుండాలి, దానికీ కొంత పెట్టుబడి కట్టుబడిపోతుంది. కానీ భూమిలో పడ్డ సొమ్ముతో పోలిస్తే అది చిన్న మొత్తం, నెలకోసారి తిరిగి చేతికొచ్చే మొత్తం.

నెలకోసారి అన్నది మాటవరసకు అన్నది కాదు. దుకాణాలూ గోదాములూ కలిపి డీమార్ట్ దగ్గర సరుకు సగటున సుమారు నెల రోజులే నిలవుంటుంది. ఉప్పు, పప్పు, నూనె, సబ్బులతో పాటు బట్టలు, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బకెట్లు కూడా ఈ సగటులో ఉన్నాయి. రకాలు తక్కువ పెట్టి ప్రతి రకాన్నీ దండిగా కొంటారు. పద్దెనిమిది రకాల టూత్‌పేస్టులు అక్కడ వెతికినా దొరకవు. వెలుగులు, సంగీతం, మాల్ సోకులు ఉండవు. ప్రకటనల ఖర్చు అంతంతమాత్రం. ఒక రాష్ట్రంలో గోదాము పెట్టాక దాని చుట్టూనే దుకాణాలు పెంచుకుంటూ పోతారు. మహారాష్ట్ర, గుజరాత్, తెలుగు రాష్ట్రాలు, కర్ణాటకల్లో అలా కిక్కిరిసిన కంపెనీ 2025 మార్చి నాటికి కేరళలోగాని, పశ్చిమ బెంగాల్లోగాని కాలే పెట్టలేదు.

బట్టలూ బకెట్ల సంగతి కొంచెం ఆగి చూడాలి. పప్పులూ పిండిలో మిగిలేది తక్కువ. పిల్లల టీషర్టులో, గోడ గడియారంలో, స్టీలు డబ్బాలో మిగిలేది ఎక్కువ. పంచదార కోసం వచ్చిన కుటుంబం బండి తోసుకుంటూ పై అంతస్తు దాకా తిరిగి దుప్పటి కూడా వేసుకుంటుంది, ఆ దుప్పటే పంచదార చౌకను మోస్తుంది. 2019–20లో మొత్తం అమ్మకాల్లో ఈ బట్టలూ గృహోపకరణాల వాటా 27 శాతం దాకా ఉండేది. 2023–24 నాటికి అది 23 లోపుకి జారింది. కంపెనీ బాగోగులు గమనించేవాళ్లు కంగారు పడాల్సింది ఈ అంకె చూసి. కొత్తగా ఎన్ని ఎకరాలు కొన్నారన్నది తరవాతి మాట.

చౌకకు ఇంకో కారణం ఉంది. దాన్ని భూమి కథ చాలా చక్కగా కప్పెడుతుంది. 2019 మార్చి నాటికి డీమార్ట్‌లో పర్మనెంటు ఉద్యోగులు 7,713 మంది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు 33,597 మంది. అంటే ఐదుగురిలో నలుగురు. బిల్లింగ్ కౌంటరు దగ్గర గంటల తరబడి నిలబడే అమ్మాయిని, బస్తాలు కోసి అరల్లో సర్దే కుర్రాణ్ని చూసినప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇది. ఈ పద్ధతి ఒక్క డీమార్ట్‌దే కాదు, రిటైల్ రంగమంతా దాదాపు ఇంతే. కానీ "అద్దె లేదు కాబట్టి చౌక" అన్నప్పుడు ఆ చౌక ఎవరికీ బరువు కాని చౌకలాగా, నేలలోంచి ఊరినట్టుగా వినిపిస్తుంది. ఈ కథ మనకు అంతగా నచ్చడానికి ఇదీ ఒక కారణమేమో.

అయితే స్థలాలు కొనడమెందుకు? ఖరీదని తెలిసీ డీమార్ట్ స్థాపకుడు రాధాకిషన్ దమానీ ఎందుకు కొంటూ పోయాడు? స్టాక్ మార్కెట్లో పండిన మనిషికి పెట్టుబడి మీద రాబడి లెక్క తెలియదనుకోవడం మన అమాయకత్వం. స్థలం అతనికి బీమా. ప్రీమియం ఎక్కువే, తెలిసే కడుతున్నాడు. ఆ బీమా ఏ ప్రమాదానికో తెలియాలంటే రెండు సంగతులు చాలు.

ఒకటి అమెరికాది. వాల్‌మార్ట్ పెట్టిన శామ్ వాల్టన్ తొలి దుకాణం ఆర్కన్సా రాష్ట్రంలో న్యూపోర్ట్ అనే చిన్న ఊళ్లో ఉండేది. 1945లో తీసుకున్నాడు, ఐదేళ్లలో దాన్ని ఆ చుట్టుపక్కల పేరున్న దుకాణం చేశాడు. లీజు పొడిగించుకునే హక్కు కాగితంలో రాయించుకోలేదు. 1950లో ఇంటి యజమాని పొడిగించనన్నాడు, దుకాణం తన కొడుక్కి కావాలన్నాడు. వాల్టన్ మూటాముల్లె సర్దుకుని బెంటన్‌విల్ వెళ్లాల్సి వచ్చింది. విశేషమేమిటంటే, ఇంత దెబ్బ తిన్నవాడు కూడా ఆ తర్వాత ఊరూరా స్థలాలు కొనే పని పెట్టుకోలేదు. లీజు కాగితాలు జాగ్రత్తగా చదవడం నేర్చుకుని, 1962లో రోజర్స్‌లో మొదటి వాల్‌మార్ట్ తెరిచి, అద్దె స్థలాలతోనే చాలా దూరం వెళ్లాడు. చౌకకు సొంత నేల తప్పనిసరి అన్న సిద్ధాంతం ప్రపంచంలోకెల్లా పెద్ద చౌక దుకాణం దగ్గరే ఇలా నీరుగారిపోతుంది.

రెండోది మనది. కిశోర్ బియానీ బిగ్ బజార్ 2001లో మొదలైంది, తొలి దుకాణాల్లో హైదరాబాద్‌ది ఒకటి. 2016లో మన హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలు కూడా ఆ గొడుగు కిందికే వెళ్లాయి. అప్పులు మెడకు చుట్టుకున్నాక, 2020 ఆగస్టులో బియానీ ఫ్యూచర్ గ్రూప్ తన రిటైల్ వ్యాపారాన్ని రిలయన్స్‌కు 24,713 కోట్లకు అమ్మడానికి ఒప్పుకుంది. అమెజాన్ అడ్డుపడి కోర్టులకెక్కింది. వాళ్లు వాళ్లు వాదించుకుంటుండగా బిగ్ బజార్లకు అద్దె బాకీలు పేరుకున్నాయి. రిలయన్స్ ఆ దుకాణాల స్థల యజమానులతో నేరుగా లీజులు రాయించుకుంది. 2022 ఫిబ్రవరిలో వందల దుకాణాలను తన చేతిలోకి తీసుకుంది. అమ్మకం ఒప్పందం కోర్టుల్లో ఉండగానే అమ్మాల్సిన సరుకు మాయమైంది. అదే ఏడాది జులైలో ఫ్యూచర్ రిటైల్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. బోర్డు మీద పేరు మనది, తాళం చెవి వేరొకరిది అయితే ఏమవుతుందో ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపలేరు. దమానీ ప్రీమియం కట్టింది ఈ ప్రమాదానికి. ధర తగ్గించడానికి కాదు, దుకాణాన్ని నిలబెట్టుకోవడానికి.

స్థలం ఇంకో పని కూడా చేసింది, దానికి నేను మార్కులు వేస్తాను. అది కంపెనీ కాళ్లకు బరువు కట్టింది. కొని కట్టాలంటే నిదానం తప్పదు. షేర్లు మార్కెట్‌కు వచ్చిన 2017 మార్చి ముగిసేనాటికి, పదిహేనేళ్లలో, డీమార్ట్ పెట్టింది 131 దుకాణాలే. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష పదకొండేళ్లలో దాదాపు 1,600 పెట్టింది, హైదరాబాద్ వీధుల్లోనూ విరివిగా కనిపించింది. 2009 మొదట్లో కుప్పకూలింది. "అద్దె దుకాణాలు కదా, అందుకే" అంటారు ఇక్కడ కూడా. కాదు. అప్పు మీద ఎదిగి, చేతిలో రొక్కం అయిపోయి, సరుకు ఇచ్చినవాళ్లకు డబ్బివ్వలేక, వాళ్లు సరుకు ఆపేస్తే అరలు ఖాళీ అయి కూలింది. జీతాలూ అద్దెలూ కూడా బాకీపడిందన్నది నిజమే. కానీ ఖాళీ అరల దుకాణం సొంత స్థలంలో ఉన్నా నాలుగు నెలలకు మించి నిలవదు.

ఈ తప్పు కథ వల్ల నష్టం ఎవరికంటే, ముందుగా మన ఊళ్లలో నలుగురైదుగురు కలిసి సూపర్‌మార్కెట్ పెట్టాలనుకునేవాళ్లకు. ఉన్న డబ్బంతా స్థలం మీద పోసి, సరుకు మాత్రం అరువు మీద తెచ్చుకుంటారు. డీమార్ట్ చేసేదాన్ని సరిగ్గా తలకిందులు చేసి, డీమార్ట్ దారిలో నడుస్తున్నామనుకుంటారు. సొంత భవనం, రిబ్బన్ కటింగ్, అరల్లో పాత స్టాకు. డిస్ట్రిబ్యూటర్ వ్యాన్ వచ్చి వెళ్లిపోతుంటుంది. మనకు భూమి మీద ఉన్న మోజు ఇంత పని చేయిస్తుంది.

కథ తప్పని తేల్చే పరీక్ష 2024 అక్టోబరులో జరిగింది. జులై–సెప్టెంబరు ఫలితాలు వచ్చాక అవెన్యూ సూపర్‌మార్ట్స్ షేరు ఒక్క రోజులో ఎనిమిది శాతానికి పైగా పడిపోయింది. మహానగరాల్లో బాగా అమ్మే తమ పెద్ద దుకాణాల మీద ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనిపిస్తోందని యాజమాన్యమే ఒప్పుకుంది. అప్పటికే బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ పది నిమిషాల్లో సరుకు తెచ్చిస్తున్నాయి. అవి సరుకు దాచే చిన్న గోదాములు అద్దెవే. డీమార్ట్ నేల ఒక్క గజం కూడా తగ్గలేదు, నగరాల్లో దాని విలువ పెరిగే ఉంటుంది. తగ్గింది ఆ నేల మీద సరుకు కదిలే జోరు. భూమే బలమైతే ఆ రోజు మదుపరులు కంగారు పడాల్సిన పనే లేదు.

దమానీ తన దుకాణాలను ఎవరి చేతిలో పెట్టాడో చూసినా ఇదే అర్థమవుతుంది. 2004లో తెచ్చుకున్న నెవిల్ నొరోన్హా హిందుస్థాన్ లీవర్ మనిషి, సబ్బులూ షాంపూల పంపిణీ ఎరిగినవాడు. అతని తర్వాత పగ్గాలు పట్టేది అన్షుల్ అసావా అని 2025 జనవరిలో ప్రకటించారు, ఆయనా యూనిలీవర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాడే. స్థలాల వ్యాపారం తెలిసినవాణ్ని ఆ కుర్చీలో రెండుసార్లూ కూర్చోబెట్టలేదు. కొత్తాయన బల్ల మీదికి వచ్చే మొదటి ఫైలులో నగర దుకాణాల అడుగు అమ్మకం, జారుతున్న బట్టల వాటా ఉంటాయి. స్థలాల రిజిస్ట్రేషన్ కాగితాలు కింది అంతస్తులో ఎవరో చూసుకుంటారు.